ఏడో రోజు కాగితం

మా లాబ్‌లో మేం కొలిచేది కంటికి కనిపించని వెలుగుని. పుస్తకాల్లో దాన్ని అతినీలలోహిత కాంతి అంటారు. మేం యూవీ అనేసి ఊరుకుంటాం. దీపం వెలుగుతూ ఉండగా అంత పొడుగు పేరు పలుకుతూ కూర్చుంటే ఈలోపు రీడింగు మారిపోతుంది. తాగునీటి ప్లాంట్లలో క్రిములను చంపడానికీ, మందుల ఫ్యాక్టరీల్లో గదులు శుభ్రం చేయడానికీ, చర్మం ఆసుపత్రుల్లో మచ్చలకు వైద్యం చేయడానికీ ఈ దీపాలు వాడతారు. దీపం ఎంత బలంగా ఉందో చూసి చెప్పలేరు కాబట్టి మీటరు పెడతారు. ఆ మీటరు ఏడాది గడిచేసరికి కొద్దికొద్దిగా అబద్ధం చెప్పడం నేర్చుకుంటుంది. అప్పుడది విజయనగరంలో మా దగ్గరికి వస్తుంది.

మా దగ్గర మాస్టర్ డిటెక్టర్ అని ఒకటుంది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ముందు భాగంలో గుండ్రటి చిన్న క్వార్ట్జ్ గాజు ఉంటుంది. ఒకే దీపం ముందు, ఒకే దూరంలో మొదట మాస్టర్‌ని, తర్వాత వచ్చిన మీటరుని నిలబెడతాం. మాస్టర్ వంద అన్నచోట ఇది ఎంత అంటుందో రాసిస్తాం. ఆ మాస్టర్ కూడా ఏడాదికోసారి ఢిల్లీ వెళ్ళి, తనకన్నా పెద్ద మాస్టర్ ముందు చేతులు కట్టుకుని నిలబడి వస్తుంది.

ఈ కొలతల కొలువులో నేను చేరి పదకొండేళ్ళు. మా బావ చేరి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ నేను ఏం చేశానని ఎవరైనా అడిగితే, కుళ్ళుకున్నాను అని చెప్పడమే నిజాయితీ.

బావ అంటే నా భార్యకి అన్నగారు. అంతకుముందు నెల్లిమర్లలో మోటార్లకి వైరు చుట్టే షాపులో పనిచేసేవాడు. వెంట్రుకలాంటి రాగి తీగని వందల చుట్లు, ఒక చుట్టు మీద ఇంకొకటి ఎక్కకుండా చుట్టిన చెయ్యి అది. షాపులో పని తగ్గిందని తెలిసి, లాబ్ నడిపే మా మేడమ్‌తో మాట్లాడి ఆయన్ని లాబ్‌కి తీసుకొచ్చింది నేనే. స్టూలు చూపించి, ఇది దీపం, ఇది షట్టర్, ఇది పట్టాలు, ఇక్కడ దూరం చూసుకోవాలి అని నేర్పింది కూడా నేనే. నెల తిరిగేసరికి ఆయన మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ ఒకటే అంకె వచ్చేది. నేను మూడుసార్లు కొలిస్తే పెళ్ళి ఫొటోలో మా బంధువుల్లాగా మూడూ మూడు వైపులు చూసేవి.

ఒకసారి ఫ్యాక్టరీ మీటరు ఒకటి ఇద్దరం కొలిచాం. అంకెలు కలవలేదు. మేడమ్ మళ్ళీ తీస్తే బావదే సరైంది. నేను దీపం వెలిగించి అరగంట ఆగాల్సింది పోయి, టీ తాగి వచ్చి పదిహేను నిమిషాలకే మొదలుపెట్టేశాను. బావ పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు, పాలు పొయ్యి మీద పెట్టీ పెట్టగానే తోడేసినట్టుంది నీ పని అని. ఆ మాట ఎలాగో ఇంటికి చేరింది. ఆ తర్వాత మా ఇంట్లో పెరుగు సరిగ్గా తోడుకోని రోజున మా ఆవిడ నా వైపు చూసి నవ్వేది.

కళ్ళలో నిప్పులు పోసుకోవడం అని ఊరికే అంటారు గానీ మాకది ఉద్యోగ ధర్మం. గాగుల్స్ లేకుండా మా దీపాన్ని చూస్తే సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుంది. నేను గాగుల్స్ పెట్టుకుని మరీ పోసుకున్నాను. ఆయన పట్టాల మీద మీటరుని వేలితో మెల్లగా తోస్తుంటే చూసేవాడిని. ఆలోచన వచ్చినప్పుడల్లా కొబ్బరినూనె రాసిన తలని గోక్కోవడం ఆయన అలవాటు. ఆ గోకుడు మొదలైందంటే సరైన అంకె వస్తుందని నాకు తెలిసిపోయేది. చూడబుద్ధి కాక వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసేవాడిని. ఆ నాలుగేళ్ళలో మా లాబ్ మొక్కలు బాగా ఎదిగాయి.

మేడమ్ శ్రీకాకుళంలో కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరై ఈ లాబ్ పెట్టారు. యూవీ సర్టిఫికెట్ల మీద సంతకం ఆవిడదే. కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక, ఇక ఆ సంతకం మీ ఇద్దరిలో ఒకరు పెట్టాలి, తనిఖీకి వచ్చేవాళ్ళకి ఒక్క పేరే ఇవ్వాలి అన్నారు. కొలిచే ఉద్యోగం ఎవరైనా చేస్తారు. సంతకం పెట్టేవాడి మాట మీద నీళ్ళ ప్లాంటు నడుస్తుంది, ఆసుపత్రిలో దీపం వెలుగుతుంది. సీనియర్‌ని నేను. ఆవిడ నోట నా పేరే వస్తుందనుకున్నాను. ఆవిడ పోటీ పెట్టారు.

శ్రీకాకుళం నీళ్ళ ప్లాంటు నుంచి వచ్చిన మీటరు ఒకటి పది రోజులు మా దగ్గర ఉంటుంది. దాన్ని రోజూ పొద్దున్న నేనూ, మధ్యాహ్నం బావా కొలవాలి. ఎవరి కాగితం వాళ్ళు రాసి కవర్లో పెట్టి, బీరువాలో తమ సొరుగులో వెయ్యాలి. పదో రోజున ఆవిడ తెరుస్తారు. ఇది మా పనిలో మామూలుగా ఉన్న పద్ధతే. పక్కవాడి అంకె తెలిస్తే చెయ్యి తెలియకుండానే అటు వంగుతుంది. మేడమ్ దానికి తన భాషలో ఒక మాట పెట్టుకున్నారు: ఎవరి విస్తరి వాళ్ళు చూసుకోండి.

సొరుగులకి తాళాల్లేవు. కవర్లకి జిగురు లేదు. ఇద్దరం బావలం కదా అనుకున్నారేమో.

రెండో రోజు సాయంత్రం, బావ బండి తీసుకుని వెళ్ళిపోయాక, ఆయన విస్తరిలోకి తొంగిచూశాను. ఊరికే చూడ్డానికే. మూడు రీడింగులూ తొంభై ఎనిమిది దగ్గర, బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. నావి తొంభై ఏడున్నర నుంచి తొంభై ఎనిమిదిన్నర దాకా తిరుగుతున్నాయి. మూడో రోజూ చూశాను, నాలుగో రోజూ చూశాను. ఏమీ మార్చలేదు. చూసి ఏడవడం ఒక్కటే చేశాను. ఆయన చేతిరాత కూడా నాకన్నా బాగుందని అప్పుడే గమనించాను.

ఏడో రోజు పొద్దున్న నాకేమైందో తెలీదు. అరగంట ఆగాను, దూరం రెండుసార్లు చూశాను, ఊపిరి బిగబట్టి షట్టర్ తీశాను. తొంభై ఎనిమిదీ పాయింట్ ఒకటి. మళ్ళీ అదే. మళ్ళీ అదే. పదకొండేళ్ళలో అలా రావడం అదే మొదటిసారి. కవర్లో పెట్టి, ఎవరికీ చెప్పుకోలేక, మొక్కలకి నీళ్ళు పోశాను. ఆ రోజు మాత్రం సంతోషంతోనే పోశాను.

సాయంత్రం బావ సొరుగు తెరిచాను. మూడు రీడింగులూ తొంభై నాలుగు.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, ఆ క్షణంలో ఆయన తప్పు చేసుంటాడన్న ఆలోచన నాకు రానేలేదు. ఓర్చుకోలేనితనమే నాచేత ఆయన్ని అంతగా నమ్మించింది. మీటరు అంకె నిజంగానే పడిపోయి ఉంటుంది, ఆయన కనిపెట్టాడు, నేను కనిపెట్టలేదు, మూడుసార్లు ఒకే తప్పు చేశానన్నమాట అనుకున్నాను. నా కాగితం చింపి ముక్కలు జేబులో వేసుకున్నాను. కొత్త కాగితం తీసి తొంభై నాలుగూ పాయింట్ మూడు, తొంభై మూడూ పాయింట్ తొమ్మిది, ఇంకోటి ఏదో రాశాను. పక్కన టైము పొద్దున్న పదిన్నర అని వేశాను. అచ్చంగా నేను కొలిచినట్టు కనిపించాలని అంకెల్ని కాస్త చెదరగొట్టాను కూడా.

వ్యవహారం పదో రోజు దాకా ఆగలేదు, ఎనిమిదో రోజే బయటపడింది. ఆ పొద్దున్న నేను ఇంకా దీపం వెలిగించకముందే బావ మీటరుని చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. ముందురోజు అంకె ఆయనకి నచ్చలేదట, తెల్లవార్లూ తొలుస్తోందట. గాజుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మామూలు కంటికి అద్దంలా మెరుస్తోంది. స్పిరిట్‌లో ముంచిన పలచటి కాగితంతో ఒక్కసారి తుడిచి, దీపం వెలిగించి అరగంట ఆగి కొలిచాడు. తొంభై ఎనిమిది వచ్చింది.

తల గోక్కున్న వేలు గాజు మీద పడింది. కొబ్బరినూనె పొర మన కంటికి ఏమీ కాదు గానీ మా దీపానికి కర్టెన్ లాంటిది. మనకి అటువైపు కనిపిస్తుంది, యూవీకి కనిపించదు.

బావ నేరుగా మేడమ్ గదిలోకి వెళ్ళి, నా చేతి నూనె వల్ల నిన్నటి కొలత తప్పింది, కొట్టేసి పక్కన కారణం రాస్తాను అన్నాడు. అడగని తప్పు తనంతట తాను ఒప్పుకోవడం చూసి నాకు మళ్ళీ అసూయ కలిగింది. మేడమ్ ఏడో రోజు కవర్లు రెండూ తెప్పించి తెరిచారు. బావది తొంభై నాలుగు. నాదీ తొంభై నాలుగు.

బావ నా కాగితం మీద టైము చూశాడు. తర్వాత నన్నే అడిగాడు.

“బావా, నువ్వు పొద్దున్న పదిన్నరకి కొలిసినావు కదా. నాను ముట్టుకున్నాది మద్దేన్నం. నా వేలు పడకముందే నీకు తొంభై నాలుగెలగొచ్చింది?”

బావ నా జవాబు కోసం ఆగలేదు, ఆయన బుర్ర ముందుకి వెళ్ళిపోయింది. నూనె ఏడో రోజుది కాదన్నమాట, ఆరో రోజు సాయంత్రం మీటరు తీసి పెట్టేటప్పుడే పడిందన్నమాట. ఆరో రోజు సాయంత్రం ఆ చేత్తోనే ఇంకేం ముట్టుకున్నాడు? శ్రీకాకుళంలోని ఒక చర్మం ఆసుపత్రివి మూడు మీటర్లు కొలిచాడు. మాస్టర్‌ని కూడా ముట్టుకున్నాడు. ఆ మీటర్లు నిన్ననే సర్టిఫికెట్లతో వెళ్ళిపోయాయి. వాటి అంకె చూసే అక్కడ మనుషుల ఒంటి మీద దీపం వేస్తారు. మీటరు తక్కువ చూపిస్తే ఎక్కువసేపు వేస్తారు, చర్మం కాలుతుంది.

అక్కడికక్కడే ఆసుపత్రికి ఫోన్ చేశాడు. “అమ్మా, ఆ మూడు మీటర్లూ పక్కనెట్టీండి. నానొచ్చి పట్టుకెళ్తాను. నా సెయ్యి మీద నాకే నమ్మకం నేదు.” తర్వాత మేడమ్ వైపు తిరిగి, సంతకానికి నా పేరు వద్దండి, ఇలాంటి చేత్తో సంతకమేటి అన్నాడు.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవకపోతే చాలు, సంతకం నాది. నాలుగేళ్ళుగా కోరుకున్నది ఆయనే పళ్ళెంలో పెట్టి ఇస్తున్నాడు. నేను నోరు తెరవలేదు.

మీటర్లు తీసుకురావడానికి ఇద్దరు కావాలి. ఒకడు బండి నడపాలి, ఒకడు డబ్బా ఒళ్ళో పెట్టుకోవాలి. అందుకని బావ వెనక నేను ఎక్కాను. బావ హెల్మెట్‌ని అద్దానికి తగిలించి నడుపుతాడు, పోలీసు కనిపిస్తేనే తలకెక్కిస్తాడు. నెల్లిమర్ల దాటే దాకా ఆ తల నా ముక్కు ముందే ఉంది. కొబ్బరినూనె వాసన గాలికి నేరుగా నా మొహాన కొడుతోంది. ఎటు తిరిగినా అదే. ఆ వాసనతో శ్రీకాకుళం దాకా నోరు మూసుకుని ప్రయాణం చేయడం నావల్ల కాదని రామతీర్థం దగ్గర తెలిసిపోయింది.

“బావా, బండి ఆపు.”

“ఏటి, అర్జెంటా? కొంచెం ముందుకెళ్తే తోటలున్నాయి.”

“అది కాదు. ఏడో రోజు కాగితం నాది కాదు.”

“మరెవులిది?”

“నీదే. చూసి రాశాను.”

బండి ఆపాడు. దిగలేదు, వెనక్కి తిరగలేదు. రామతీర్థం కొండ వైపు చూస్తూ అడిగాడు. “ముందు నీకొచ్చిందెంత?”

“తొంభై ఎనిమిదీ పాయింట్ ఒకటి.”

“మూడుసార్లూనా?”

“మూడుసార్లూ.”

ఆయన భుజాలు ఒక్కసారి తేలికపడి కిందకి జారాయి. అలగైతే ఆరో రోజు నా సెయ్యి మంచిదే అని తనలో తాను అనుకున్నాడు. ఆ తర్వాత దిగి నా మొహం చూశాడు.

“ఆ కాగితమేది?”

“చింపేశాను.”

“అంత బాగా వచ్చినదాన్ని సింపీసినావా?” దొంగచూపు కన్నా ఇదే ఆయనకి పెద్ద నేరంలా తోచింది. అప్పుడు ఆ దొంగచూపు గుర్తొచ్చింది. ఎన్ని రోజులు చూశావని అడిగాడు. రెండో రోజు నుంచీ అన్నాను. మా పక్కనుంచి రెండు ఆటోలు, ఒక గొర్రెల మంద వెళ్ళాయి.

“నా అంకె నీకెందుకు బావా. నీకు కన్నులు నేవా?”

ఫోన్ తీసి మేడమ్ నంబరు కలిపి నా చేతిలో పెట్టాడు. చెప్పాను. మొత్తం చెప్పాక, ఇక ఆసుపత్రి మీటర్లకి ఏమీ కాలేదు కాబట్టి మేం వెనక్కి వచ్చేస్తామని కూడా చెప్పాను.

“మొదటి కాగితం ఉందా?” అన్నారు మేడమ్.

“లేదండి.”

“అయితే నువ్వు చెప్పింది విన్నాను గానీ రాసుకోలేను. నిన్నటి దాకా నీ మాట సరిపోయేది. వెళ్ళి మీటర్లు తీసుకురండి.”

మా లాబ్‌లో ఎంత పాత మీటరునైనా తెచ్చి మాస్టర్ పక్కన పెడితే ఎంత తేడా ఉందో చెప్పేస్తాం. అలా ఎవరైనా నన్ను పక్కన పెట్టి కొలవడం అదే మొదటిసారి. ఫోన్ తిరిగి ఇచ్చాను. బావ హెల్మెట్ తీసి తలకి పెట్టుకున్నాడు. అక్కడ పోలీసులెవరూ లేరు.

శ్రీకాకుళం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆసుపత్రిలో దీపం గది బయట నలుగురు కూర్చుని ఉన్నారు. నర్సు మమ్మల్ని చూడగానే అందుకుంది. పొద్దున్నించీ అందరినీ ఆపేశాం, వీళ్ళకి ఏం చెప్పమంటారు అని నిలదీసింది. చేతుల మీద తెల్లమచ్చలున్న ఒక పెద్దావిడ, ఇచ్ఛాపురం వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట, నన్నే అడిగింది.

“ఏటైంది నాయనా, దీపం పాడైపోనాదా?”

దీపం బాగానే ఉందమ్మా, తప్పు నాది అన్నాను. నా వెనకనుంచి బావ అందుకున్నాడు. “మీటర్లు ఒకపాలి మల్లీ సూసుకోవాలమ్మా. మా పనే అలగుంటాది. ఎల్లుండొచ్చీ, నీ వైద్యం నీకైపోతాది.” నన్ను కాపాడుతున్నాడని అర్థమైంది. కాపాడించుకుంటూ కూడా, నాకు ఆ మాట ముందెందుకు తట్టలేదని కుళ్ళుకున్నాను. ఆవిడ సంచీ సర్దుకుని లేచింది. మళ్ళీ రెండు బస్సులు.

తిరుగు ప్రయాణంలో డబ్బా నా ఒళ్ళో ఉంది. బావ ప్రతి గుంట ముందూ బండి ఆపినంత పని చేస్తూ, స్పీడుబ్రేకర్ల మీద తాబేలులా ఎక్కించి దించుతూ తీసుకొచ్చాడు. నన్ను పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఎన్నిసార్లు ఇదే బండి మీద తిప్పాడో, ఒక్కసారి కూడా ఇంత మెల్లగా నడపలేదు. నా ఒళ్ళో ఉన్న మూడు మీటర్ల మీద కూడా కాస్త ఈర్ష్య కలిగింది. మధ్యలో ఒక్క మాట మాట్లాడాడు. నువ్వు ఇంట్లో అడిగినా నా అంకె చెప్పేసేవాణ్ణి కదా, దొంగతనమెందుకు అన్నాడు. అది నిజమే. అడిగితే చెప్పేసేవాడే. అందుకే అడగలేదు.

మర్నాడు పొద్దున్న మేడమ్ మా ఇద్దరినీ ఆ మూడు మీటర్లూ మళ్ళీ కొలవమన్నారు. మొదట నేను. బావ గదిలోంచి బయటికి వెళ్ళబోయి, సాక్షి ఉండాలి కదా అని ఆగి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను కొలిచి రాసేంతసేపూ, ముప్పావుగంట, ఆ గోడనే చూశాడు. నిన్న ఎంతసేపు నాతో మాట్లాడకుండా ఉన్నాడో దానికన్నా ఆ వీపు ఎక్కువ కష్టంగా ఉంది. తర్వాత ఆయన కొలిచాడు. గోడ నా వంతైంది. ఆ గోడ మీద సున్నం పెచ్చులూడి ఉందని అన్నేళ్ళలో నాకు తెలీదు.

మేడమ్ తెరిచారు. ఆయన ఆరో రోజు రాసిందీ, ఇప్పుడు రాసిందీ మూడు మీటర్లకీ ఒకటే. నావి వాటికి దగ్గర్లోనే ఉన్నాయి, కొంచెం అటూ ఇటూగా. వాటిని ఈసారి నేను చెదరగొట్టలేదు, సహజంగానే చెదిరాయి. నా ఏడో రోజు కాగితం మీద ఒక్క గీత గీసి, లోపల రాసింది కనిపించేలా వదిలేసి, పక్కన కారణం రాయమన్నారు. “చూసి రాశాను” అని రాసి తేదీ వేశాను. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది. తర్వాత తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ పేజీ దగ్గర ఆగి నన్ను చూశారు. నేను మొక్కల్ని చూశాను.

తనిఖీవాళ్ళకి ఇచ్చే పేరు బావదేనని మేడమ్ ఆ రోజే తేల్చేశారు, ఈసారి ఆయన వద్దనలేదు. ఆ సాయంత్రమే ఆసుపత్రి సర్టిఫికెట్లు మూడూ కొత్తగా ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాం. కింద రెండు గడులున్నాయి. కొలిచినవారు అన్నచోట నేను పెట్టాలి, ఆమోదించినవారు అన్నచోట ఆయన పెట్టాలి. నేను ఆ రెండో గడి కోసం రెండు నెలలుగా పాత పేపర్ల అంచుల మీద సంతకం సాధన చేశాను. చివర్న ఒక వంపు, దాని కింద రెండు చుక్కలు. బావ చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వచ్చాడు. నా జేబులో పెన్ను తీసుకున్నాడు. గ్యాసు సిలిండరు తెచ్చినవాడి పుస్తకంలో పెట్టినట్టు, నిలబడే మూడు సంతకాలూ గీకేసి, పెన్ను మళ్ళీ నా జేబులోనే పెట్టాడు.

“ఆ పెద్దావిడ రేపు వస్తాది. బస్సుకి ముందే మనం ఎల్లిపోవాల,” అన్నాడు. “డబ్బా నువ్వే పట్టుకో.”

మూడు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూశాను. మూడూ ఒకేలా ఉన్నాయి.